లింకు, యాప్, ఓటీపీ, సర్వర్: రైతు తెలుసుకోవాల్సిన ఇంటర్నెట్ మాటలు



కామారెడ్డి, ఎల్లారెడ్డి చుట్టుపక్కల నుంచి మాకు ఫోన్ చేసే రైతులు జీవామృతం గురించి, దేశీ వరి గురించి అడుగుతారు. ఆ మాటలు అయినంక, ఫోన్ పెట్టేసే ముందు ఇంకో ప్రశ్న వస్తది. "లింక్ డిస్క్రిప్షన్‌లో ఉంది అన్నరు, అది ఎక్కడ ఉంటది?" "సర్వర్ డౌన్ అంటున్నరు, ఏం డౌన్ అయింది?" "పీఎం కిసాన్ యాప్ అని వాట్సాప్‌లో వచ్చింది, నొక్కాల్నా వద్దా?"

ఈ ప్రశ్నలు చిన్నవి కావు. ప్రకృతి వ్యవసాయంలోకి వచ్చినంక మనం ఎరువుల దుకాణం ఉద్దెర నుంచి బయటపడ్డం. బియ్యం, పప్పులు, బెల్లం నేరుగా తినేవాళ్లకు అమ్ముకుంటున్నం. ఇదంతా ఫోన్ మీదనే నడుస్తున్నది. కానీ ఫోన్‌లో వచ్చే మాటలు తెలియకపోతే ప్రతి పనికీ ఎవరో ఒకరికి ఫోన్ ఇచ్చి "నువ్వే చూడు" అనాల్సి వస్తది. అప్పుడు ఫోన్ మనదే, పెత్తనం మాత్రం ఇంకొకరిది. అగ్రికల్చర్ డిప్లొమాలో మాకు నేల, విత్తనం, పురుగు గురించి చెప్పిన్రు గానీ ఈ మాటలు ఎవరూ చెప్పలేదు. అందుకే వీడియోలో చేసి చూపించిన సంగతులను ఇక్కడ వివరంగా రాసి పెడుతున్న. ఒక్కసారి చదివి దాచుకోండి, ఇంట్లో వాళ్లకు కూడా చదివి వినిపించండి.

1. స్టోరేజ్, ర్యామ్: గుమ్మి వేరు, కళ్లం వేరు

ఫోన్ కొనేటప్పుడు "6 జీబీ, 128 జీబీ" అని రెండు అంకెలు చెప్తారు. పెద్ద అంకె స్టోరేజ్. అది మన గుమ్మి లాంటిది. ఫోటోలు, వీడియోలు, పాటలు అన్నీ అందులో నిల్వ ఉంటాయి. ఫోన్ బంద్ చేసినా అవి పోవు. చిన్న అంకె ర్యామ్. అది కళ్లం లాంటిది. ఇప్పుడు నడుస్తున్న పని మాత్రమే అక్కడ ఉంటది. పని అయిపోతే ఖాళీ అయితది. ఒకే కళ్లంలో వడ్లు, మక్కలు, సోయా ఒక్కసారే పోస్తే ఎట్ల ఇరుకు అయితదో, పది యాప్‌లు ఒక్కసారే తెరిస్తే ఫోన్ అట్ల మొరాయిస్తది. వాడని యాప్‌లు మూసేయండి, లేదా ఫోన్ ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేయండి, కళ్లం ఖాళీ అయితది.

స్టోరేజ్ నిండడం వేరే సమస్య. మన నిజాంసాగర్‌నే చూడండి. 1923లో పని మొదలుపెట్టి 1931లో పూర్తి చేసినప్పుడు దాని సామర్థ్యం 29 టీఎంసీలకు పైగా ఉండె. మంజీరలో కొట్టుకొచ్చిన పూడిక చేరి ఇప్పుడు 17.8 టీఎంసీల దగ్గర ఉన్నది. ఫోన్‌లో పూడిక అంటే వాట్సాప్ గ్రూపుల్లో వచ్చే గుడ్ మార్నింగ్ ఫోటోలు, ఒకే వీడియో పది గ్రూపుల్లో పది సార్లు రావడం. వాట్సాప్ సెట్టింగ్స్‌లో 'స్టోరేజ్ అండ్ డేటా' అని ఉంటది. అందులో ఆటో డౌన్‌లోడ్ ఆపేస్తే మనం నొక్కిన ఫోటో మాత్రమే దిగుతది. పూడిక తీయడం కన్నా రాకుండా చూసుకోవడం సులభం.

2. డేటా, స్పీడు: టీఎంసీ, క్యూసెక్కు

ఎంబీ, జీబీ అనేవి కొలతలు. 1024 ఎంబీలు అయితే ఒక జీబీ. రీచార్జ్‌లో "రోజుకు 1.5 జీబీ" అంటే అది ఆ రోజు మన వంతుకు వచ్చే నీళ్లు.

స్పీడు వేరే సంగతి. ప్రాజెక్టులో ఎంత నీళ్లు ఉన్నయో టీఎంసీల్లో చెప్తం, కాలువలో ఎంత జోరుగా పారుతున్నయో క్యూసెక్కుల్లో చెప్తం. 11,574 క్యూసెక్కులు ఒక రోజంతా పారితే ఒక టీఎంసీ అయితది. అట్లనే జీబీ అంటే నీళ్ల పరిమాణం, ఎంబీపీఎస్ అంటే పారే జోరు. జీబీలు మిగిలే ఉన్నా వీడియో గుండ్రంగా తిరుగుతున్నది అంటే ప్యాక్ అయిపోలేదు, కాలువ సన్నగా ఉన్నది అని అర్థం. గెట్టు మీదికో, మేడ మీదికో పోతే సిగ్నల్ అందుకొని మళ్లీ నడుస్తది.

ఇక్కడ ఒక చిన్న మెలిక ఉన్నది. స్పీడు లెక్కలో వచ్చేది బిట్లు, ఫైల్ లెక్కలో వచ్చేది బైట్లు. ఎనిమిది బిట్లు కలిస్తే ఒక బైటు. అందుకే 8 ఎంబీపీఎస్ స్పీడు ఉంటే సెకనుకు ఒక ఎంబీనే దిగుతది. 100 ఎంబీల వీడియో దిగడానికి దగ్గర దగ్గర 100 సెకన్లు పడతది. కంపెనీ వాళ్లు చెప్పే స్పీడును 8తో భాగించుకుంటే మన లెక్క తేలుతది.

వీడియో చూసేటప్పుడు కనిపించే 240పీ, 360పీ, 720పీ అంటే బొమ్మలో పై నుంచి కిందికి ఎన్ని వరసల చుక్కలు ఉన్నయో చెప్పే అంకె. వరసలు పెరిగితే బొమ్మ స్పష్టంగా ఉంటది, డేటా కూడా ఎక్కువ తింటది. ఘన జీవామృతం ఎట్ల కలపాలో వినడానికి 240పీ, 360పీ సరిపోతది. ఆకు మీద మచ్చ ఎట్ల ఉన్నదో, పురుగు ఏ రంగులో ఉన్నదో చూడాలంటే 720పీ పెట్టుకోండి. వీడియో మీద ఒకసారి తాకి, పళ్ల చక్రం గుర్తు నొక్కితే 'క్వాలిటీ' అని వస్తది, అక్కడ మార్చుకోవచ్చు.

డౌన్‌లోడ్ అంటే బయట నుంచి మన ఫోన్‌లోకి దించుకోవడం. అప్‌లోడ్ అంటే మన ఫోన్ నుంచి బయటికి ఎక్కించడం. చేన్ల తీసిన వీడియో మాకు పంపితే అది అప్‌లోడ్. మామూలుగా ఎక్కించే స్పీడు దించే స్పీడు కన్నా తక్కువ ఉంటది, కాబట్టి పెద్ద వీడియో పోవడానికి టైమ్ పట్టిందని కంగారు పడొద్దు.

డిస్క్రిప్షన్ అంటే వీడియో పేరు కింద ఉండే వివరం. పేరు మీద గానీ, పక్కన 'మోర్' అన్న చోట గానీ నొక్కితే తెరుచుకుంటది. అందులో నీలి రంగులో కనిపించేదే లింకు. లింకు అంటే దారి, నొక్కితే ఇంకో పేజీకి తీసుకుపోతది. ఏ పేజీకి తీసుకుపోతదో ముందే చూసుకోవడం మన పని. దాని గురించి నాలుగో భాగంలో వివరంగా చెప్తా.

3. బ్రౌజర్, గూగుల్, వెబ్‌సైట్

ఈ మూడింటినీ చాలామంది "గూగుల్" అనే అంటారు. కానీ మూడూ వేరు. క్రోమ్ లాంటి బ్రౌజర్ మనం ఎక్కే బండి. గూగుల్ దారి చెప్పే మనిషి. వెబ్‌సైట్ మనం చేరాల్సిన ఊరు. దారి చెప్పే మనిషి ఆ ఊరి పెద్ద కాదు, ఆ ఊర్లో ఎవరు ఎట్లాంటి వాళ్లో ఆయన పూచీ కాదు.

గూగుల్‌లో వెతికితే పైన వచ్చే కొన్నింటి మీద 'స్పాన్సర్డ్' అని రాసి ఉంటది. అంటే పైసలు కట్టి పైన పెట్టించుకున్న ప్రకటన అని అర్థం. పైన ఉన్నది కాబట్టి మంచిది అనుకోవద్దు. ముఖ్యంగా బ్యాంకు కస్టమర్ కేర్ నంబర్ గూగుల్‌లో వెతికి ఫోన్ చేయొద్దు. మోసగాళ్లు తమ నంబర్లను అక్కడ పెట్టి కాచుకొని ఉంటారు. నంబర్ పాస్‌బుక్ మీద, ఏటీఎం కార్డు వెనక ఉంటది, అదే వాడండి.

4. వెబ్ అడ్రసును కుడి వైపు నుంచి చదవాలి

ఈ వ్యాసంలో ఒక్కటే గుర్తు పెట్టుకుంటా అంటే ఇది గుర్తు పెట్టుకోండి.

మన ఇంటి అడ్రసు ఎట్ల రాస్తం? ఇంటి నంబర్, ఊరు, మండలం, జిల్లా. చిన్నది ముందు, పెద్దది చివర. వెబ్ అడ్రసు కూడా అంతే. కాబట్టి ఎవరిదో తెలియాలంటే చివర నుంచి చూడాలి.

ఉదాహరణకు భూభారతి. 2025 ఏప్రిల్ 14న మొదలైంది, మొదట ప్రయోగంగా తీసుకున్న నాలుగు మండలాల్లో మన ఎల్లారెడ్డి పక్కనే ఉన్న లింగంపేట కూడా ఒకటి. దాని అడ్రసు భూభారతి డాట్ తెలంగాణ డాట్ గవ్ డాట్ ఇన్. కుడి నుంచి చదవండి. 'ఇన్' అంటే ఇండియా. 'గవ్' అంటే ప్రభుత్వం. 'తెలంగాణ' మన రాష్ట్రం. 'భూభారతి' ఆ పని. చివర్లో 'గవ్ డాట్ ఇన్' అనేది ప్రభుత్వ సంస్థలకు మాత్రమే ఇస్తారు. 'డాట్ కామ్', ఒట్టి 'డాట్ ఇన్' మాత్రం పైసలు కట్టి ఎవరైనా కొనుక్కోవచ్చు.

ఇప్పుడు మోసం ఎట్ల జరుగుతదో చూడండి. పీఎం కిసాన్ అసలు అడ్రసు పీఎంకిసాన్ డాట్ గవ్ డాట్ ఇన్. దొంగ అడ్రసులో 'పీఎంకిసాన్' తర్వాత చుక్కకు బదులు అడ్డగీత పెట్టి, చివర 'డాట్ కామ్' పెడతారు. లేదా 'పీఎంకిసాన్ డాట్ గవ్ డాట్ ఇన్' అని మొత్తం రాసి, దాని తర్వాత ఇంకో చుక్క పెట్టి ఇంకేదో పేరు, 'డాట్ కామ్' కలుపుతారు. ఎడమ నుంచి చదివితే అసలుదే అనిపిస్తది. కుడి నుంచి చదివితే 'కామ్' ముందు ఉన్న ఆ ఇంకేదో పేరే దాని యజమాని అని తెలుస్తది. పొలం పాస్‌బుక్ మీద పట్టాదారు పేరు చూసినట్టే, అడ్రసు చివర్లో యజమాని పేరు చూడాలి.

ఒక జాగ్రత్త. అడ్రసులో పేరు అయిపోయినంక ఏటవాలు గీత వస్తది. ఆ గీత తర్వాత ఉండేవన్నీ ఇంటి లోపలి గదులు. గీతకు ముందు ఉన్న భాగాన్నే కుడి నుంచి చదవాలి. అడ్రసు పక్కన తాళం గుర్తు కనిపిస్తే, దారిలో ఎవరూ తొంగి చూడరు అని మాత్రమే అర్థం. ఆ దారి దొంగ ఇంటికి పోతే తాళం ఏం చేయలేదు. అసలు అడ్రసు కనిపించకుండా పొట్టిగా చేసిన లింకులు కూడా వస్తుంటయి. పైసలకు, భూమికి, ఆధార్‌కు సంబంధించిన పనైతే ఆ లింకులు నొక్కకుండా అడ్రసును మనమే టైప్ చేసుకోవడం మేలు.

5. సర్వర్, క్లౌడ్, బ్యాకప్

సర్వర్ అంటే ఎక్కడో రాత్రింబవళ్లు నడిచే పెద్ద కంప్యూటర్. మీసేవ కేంద్రంలో మనం అడిగిన కాగితం అక్కడి కంప్యూటర్‌లో ఉండదు, సర్వర్ నుంచి రావాలి. "సర్వర్ డౌన్" అంటే అది పని చేయడం లేదు, లేదా ఒక్కసారే ఎక్కువ మంది అడిగేసరికి మోటార్ల లోడు పెరిగిన ట్రాన్స్‌ఫార్మర్ లెక్క కూలబడింది అని అర్థం. మన ఫోన్ తప్పు కాదు, మళ్లీ మళ్లీ నొక్కితే లాభం లేదు. కాసేపు ఆగి ప్రయత్నించాలి. పైసలు కట్టేటప్పుడు ఇట్లయితే వెంటనే రెండోసారి కట్టొద్దు. మొదటిది పోయిందా లేదా ఖాతాలో చూసుకున్నంకే కట్టండి.

క్లౌడ్ అంటే మబ్బు అని అర్థం గానీ, మన వస్తువు మబ్బుల్లో ఏం ఉండదు. అది కంపెనీ వాళ్ల సర్వర్లలో ఉంటది. పసుపు కోల్డ్ స్టోరేజ్‌లో పెట్టినట్టు. గూగుల్ ఖాతా ఉన్న అందరికీ 15 జీబీ జాగ ఉచితంగా ఇస్తారు. మెయిల్, డ్రైవ్, ఫోటోలు మూడింటికీ కలిపి అంతే.

బ్యాకప్ అంటే ఒక కాపీని ఇంకో చోట దాచడం. విత్తనాలు అన్నీ ఒకే కుండలో పెట్టం కదా, ఇది కూడా అంతే. 2025 ఆగస్టు 27, 28 తేదీల్లో కామారెడ్డిలో కురిసిన వాన మీకు గుర్తుండే ఉంటది. ఇండ్లల్లోకి నీళ్లు వస్తే ముందు మనుషులను, పశువులను చూసుకుంటం. కాగితాలు చూసుకునే టైమ్ ఉండదు. అందుకే ఎండ కాసే రోజుల్లోనే పట్టా పాస్‌బుక్, బ్యాంకు పాస్‌బుక్, పీజీఎస్ సర్టిఫికెట్, భూసార పరీక్ష కార్డు, అన్నింటికీ స్పష్టమైన ఫోటోలు తీసి డ్రైవ్‌లో పెట్టుకోండి. ఆధార్ లాంటివి ప్రభుత్వ డిజీలాకర్‌లో ఉంచుకోవచ్చు. నేరుగా కొనే కస్టమర్ల నంబర్లు కూడా ఫోన్‌లోనే కాకుండా గూగుల్ ఖాతాలో సేవ్ చేయండి. ఫోన్ నీళ్లల్లో పడ్డా మన గిరాకీ మనకు ఉంటది.

6. యాప్, ఏపీకే, పర్మిషన్

యాప్ అంటే ఒక పని కోసం ఫోన్‌లో పెట్టుకునే పనిముట్టు. ఆండ్రాయిడ్ ఫోన్‌లో యాప్‌లు తీసుకోవాల్సిన చోటు ప్లే స్టోర్. ఏపీకే అనేది ఆ యాప్ మూట. ప్లే స్టోర్ నుంచి కాకుండా వాట్సాప్‌లో వచ్చే మూట విప్పడమే ఇప్పుడు ఊర్లల్లో పెద్ద ప్రమాదం.

మనం దేశీ విత్తనం తెలిసిన రైతు దగ్గర, పంట చూసి తెచ్చుకుంటం. రాత్రి పూట బండి మీద తెచ్చి అమ్మే లూజు పత్తి విత్తనం తీసుకోం. ఏపీకే ఫైల్ ఆ లూజు విత్తనం లాంటిది. పీఎం కిసాన్ అని, బ్యాంకు కేవైసీ అని, ట్రాఫిక్ చలాన్ అని, పెండ్లి పత్రిక అని రకరకాల పేర్లతో వస్తది. ఫైల్ పేరు చివర 'డాట్ ఏపీకే' అని ఉంటే అది ఫోటో కాదు, పత్రిక కాదు, యాప్. నొక్కి ఇన్‌స్టాల్ చేస్తే మన ఎస్‌ఎంఎస్‌లు చదివే అనుమతి తీసుకుంటది. బ్యాంకు నుంచి వచ్చే ఓటీపీలు మోసగాడికి చేరతయి. కొన్ని అయితే మన వాట్సాప్ నుంచే మన గ్రూపులన్నింటికీ అదే ఫైల్‌ను పంపుతయి. అందుకే అది తెలిసిన మనిషి నంబర్ నుంచే వచ్చినట్టు కనిపిస్తది. "మా బావమరిది పంపిండు కదా" అని నమ్మొద్దు. ఆయనకు తెలియకుండానే పోయి ఉంటది, ఒకసారి ఫోన్ చేసి అడగండి.

పర్మిషన్ అంటే యాప్ మనల్ని అడిగే అనుమతి. ఇక్కడ ఒకటే ప్రశ్న వేసుకోండి: ఈ పనికి అది అవసరమా? పిడుగు హెచ్చరికలు ఇచ్చే దామిని యాప్ లొకేషన్ అడుగుతది. మనం ఎక్కడున్నమో తెలియకపోతే దగ్గర్లో పిడుగు పడే ప్రమాదం చెప్పలేదు, కాబట్టి ఇవ్వొచ్చు. వాతావరణం చెప్పే మేఘదూత్ అడిగినా అంతే. కానీ టార్చి లైట్ యాప్ మన కాంటాక్టులు అడిగితే, పథకం యాప్ మన ఎస్‌ఎంఎస్‌లు అడిగితే వద్దు అనాలి. బాయి మోటార్ చూడ్డానికి వచ్చినాయనకు బీరువా తాళం ఎందుకు?

7. ఓటీపీ, పిన్, పాస్‌వర్డ్, క్యూఆర్

పాస్‌వర్డ్ మనం పెట్టుకున్న తాళం చెవి, మార్చే దాకా అదే పని చేస్తది. పిన్ కూడా తాళం చెవే, కానీ అంకెల్లో ఉంటది. ఓటీపీ ఒక్కసారి మాత్రమే పనికొచ్చే చెవి, కొన్ని నిమిషాలకే చెల్లకుండా పోతది. "ఓటీపీ చెప్పండి" అని ఫోన్ చేసి అడిగితే, బ్యాంకు నుంచి అన్నా, ఆఫీసు నుంచి అన్నా చెప్పొద్దు. పీఎం కిసాన్ ఈ-కేవైసీకి ఓటీపీ వస్తది నిజమే, అది మనం మొదలుపెట్టిన పనికి మనమే కొట్టుకునేది. సెంటర్‌కు పోయి వేలిముద్రతో కూడా చేయించుకోవచ్చు.

వాట్సాప్‌కు వచ్చే ఆరు అంకెల కోడ్ కూడా ఓటీపీనే. అది చెప్తే మన వాట్సాప్ ఇంకొకరి ఫోన్‌లోకి పోతది. మన పేరు మీద మన కస్టమర్లనే పైసలు అడుగుతరు. ఏండ్లు పట్టి సంపాదించిన నమ్మకం ఒక్క పూటలో పోతది. వాట్సాప్ సెట్టింగ్స్‌లో అకౌంట్‌లోకి పోయి 'టూ స్టెప్ వెరిఫికేషన్' పెట్టుకుంటే, ఆ కోడ్ తెలిసినా మనం పెట్టుకున్న పిన్ లేకుండా తెరవలేరు.

క్యూఆర్ కోడ్ 1994లో జపాన్‌లో కార్ల విడిభాగాలను గుర్తు పట్టడానికి తయారు చేసింది. అందులో రాత దాగి ఉంటది, అంతే. మన దుకాణం క్యూఆర్‌లో మన యూపీఐ చిరునామా ఉంటది. కస్టమర్ దాన్ని స్కాన్ చేసి మనకు పైసలు పంపుతడు. దీంట్లో ఒకటే సూత్రం: పైసలు రావడానికి పిన్ అవసరం లేదు. పిన్ కొట్టేది పైసలు పోయేటప్పుడు గానీ, బ్యాలెన్స్ చూసుకునేటప్పుడు గానీ. "మీ బియ్యానికి అడ్వాన్స్ పంపిస్తున్న, ఈ కోడ్ స్కాన్ చేసి పిన్ కొట్టండి" అని ఎవరన్నా అంటే ఫోన్ కట్ చేయండి. సంతలో స్టాల్ పెట్టినప్పుడు పొద్దున ఒకసారి మన క్యూఆర్‌కు ఒక రూపాయి పంపించి చూసుకోండి. మన స్టిక్కర్ మీద ఇంకొకరి స్టిక్కర్ అంటించే వాళ్లు ఉన్నరు.

స్క్రీన్ షేరింగ్ అంటే మన ఫోన్ తెర ఇంకొకరికి కనిపించేటట్టు చేయడం. తెలియని మనిషి "యాప్ వేసుకోండి, నేను సరి చేస్తా" అంటే ఒప్పుకోవద్దు. మనం కొట్టే ప్రతి అంకె అతనికి కనిపిస్తది.

8. పొరపాటున నొక్కితే ఏం చేయాలి?

సిగ్గుపడి ఇంట్లో చెప్పకుండా ఊకోవడమే అసలు నష్టం. చదువుకున్నోళ్లు, ఉద్యోగస్తులు కూడా ఈ మోసాల్లో పడుతున్నరు.

మొదట ఫోన్‌లో డేటా, వైఫై రెండూ ఆఫ్ చేయండి. ఇంకో ఫోన్ నుంచి 1930కి కాల్ చేయండి. అది సైబర్ మోసాల కోసం దేశమంతటికీ ఉన్న నంబర్. ఎంత తొందరగా చెప్తే పోయిన పైసలను మధ్యలో ఆపే అవకాశం అంత ఎక్కువ. తర్వాత బ్యాంకుకు చెప్పి ఖాతాను, యూపీఐని ఆపించండి. ఆ యాప్ తీసేయండి, పోకపోతే తెలిసిన మనిషితో ఫోన్‌ను ఫ్యాక్టరీ రీసెట్ చేయించండి. మన నంబర్ నుంచి ఎవరెవరికి ఫైల్ పోయిందో వాళ్లకు ఫోన్ చేసి "నొక్కొద్దు" అని చెప్పండి. వచ్చిన మెసేజ్‌లను చెరిపేయొద్దు, స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, ఫిర్యాదుకు పనికొస్తయి.

ఇవన్నీ ఒక్క రోజులో రావాలని లేదు. ఈ వారం మూడు పనులు చేయండి. వాట్సాప్‌లో ఆటో డౌన్‌లోడ్ ఆపండి, టూ స్టెప్ పిన్ పెట్టుకోండి, పట్టా పాస్‌బుక్ ఫోటో తీసి డ్రైవ్‌లో దాచండి. మూడూ కలిపి అరగంట పని. పిల్లలకు ఫోన్ ఇచ్చి చేయించకండి. వాళ్లను పక్కన కూర్చోపెట్టుకొని మీ వేలితో మీరే నొక్కండి. జీవామృతం కూడా మొదటిసారి పక్కనోళ్లను చూసే కలిపినం కదా, ఇప్పుడు కొలత లేకుండానే చెయ్యి తిరుగుతున్నది. ఇది కూడా అట్లనే అలవాటైతది.

వచ్చే వీడియోలో గూగుల్ మ్యాప్‌లో మన చేను లొకేషన్ కస్టమర్లకు ఎట్ల పంపాలో చూపిస్తం. అప్పటిదాకా సెలవు.